ఐసు తెమ్మన్న డాక్టరు గారు

మా పిల్లి పేరు మిరియం. నల్లగా, గుండ్రంగా ఉంటుంది, ముట్టుకుంటే ఘాటు కూడా చూపిస్తుంది కనక ఆ పేరు. ఈ మధ్య అది అన్నం మానేసింది. పెట్టిందల్లా వాసన చూసి, నా మొహం ఓసారి చూసి, వెళ్ళి బీరువా కింద దూరుతోంది. గుంటూరులో మా వీధి చివర కొత్తగా పెంపుడు జంతువుల క్లినిక్కు పెట్టారు. అక్కడికి బయల్దేరితే నాన్న కూడా వస్తానన్నారు. "ఈ ఎండలో మీరెందుకు నాన్నా" అంటే, "ఇంట్లో ఉండి ఏం వెలగబెడతాను" అని చెప్పులు తొడుక్కుని నాకంటే ముందే లిఫ్టు దగ్గర నిలబడ్డారు. ఎనభై దాటిన మనిషి. పిల్లి పేరెత్తితే "ఆ దరిద్రం ఇంకా ఇంట్లోనే ఉందా" అనే మనిషి. ఎందుకొస్తానన్నారో ఆరా తియ్యకుండా వెంటబెట్టుకెళ్ళాను.

లోపల ఏసీ, గోడల మీద పళ్ళికిలించి నవ్వుతున్న కుక్కల ఫొటోలు, బెంచీ మీద గౌను తొడిగిన తెల్ల బొచ్చుకుక్కని ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ. డాక్టరమ్మ చిన్నపిల్ల, చీరాల వైపు అమ్మాయిట. మిరియాన్ని బుట్టలోంచి లాగలేదు. బుట్ట తలుపు తీసి బల్ల మీద పెట్టి, అది తనంతట తను బయటికొచ్చేదాకా ఎవరికోసమో చూస్తున్నట్టు కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. మిరియం మీసాలు ముందు బయటికొచ్చాయి, తరవాత తల వచ్చింది. అప్పుడా అమ్మాయి నెమ్మదిగా అడిగింది, "దీనికి అన్నం పెట్టేది ఎవరండీ?"

"నేనే" అన్నాను. ఈ ప్రశ్న నేనిదివరకే విన్నాను. ఇదే నెమ్మది, ఇదే ఓపిక. ఆ ఏసీ గదిలో నాకు పచ్చిపేడ, ఫినాయిలు, ఎండుమిరపకాయల ఘాటు, మూడూ కలిసిన వాసన వచ్చింది. ఆ వాసన ఒక్కచోటే ఉండేది.

మాది చిలకలూరిపేట నుంచి లోపలికి పోయే రోడ్డు మీది ఊరు. ఓ పక్క పత్తి, ఓ పక్క మిరప. నాన్న అక్కడి హైస్కూల్లో సైన్సు మాస్టారు. ఇంట్లో అమ్మ, నేను, నాన్న వాళ్ళమ్మ. ఆవిణ్ణి నేను బామ్మ అనేదాన్ని. మా ఇంట్లో తెల్లవారడం బామ్మతోనే. చీకటి విడీవిడకముందే నూతి దగ్గర చేద చప్పుడు, తరవాత కర్రతో దండెం మీంచి మడిచీర తీస్తున్న చప్పుడు, ఆ తరవాత ఆవిడ మోకాళ్ళు తిట్టుకుంటున్న చప్పుడు. ఇవన్నీ అయ్యాకే కాఫీ డికాషన్ వాసన వచ్చేది. మిరపకాయల కాలంలో మాత్రం ఆ వాసన మాకు దక్కేది కాదు. ఊరి చుట్టూ కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయల ఘాటు గాల్లో తేలుతూ ఇల్లిల్లూ తిరిగేది. ఎవరూ రెండు మాటలు వరసగా మాట్లాడలేరు, మధ్యలో తుమ్ము తగిలేది. తుమ్మితే కాసేపు కూర్చుని బయల్దేరాలని మిగతా ఏడాదంతా పట్టుబట్టే బామ్మ, ఆ రోజుల్లో శాస్త్రానికి సెలవిచ్చేసేది. లేకపోతే ఇంట్లో ఎవరూ గడప దాటేవాళ్ళం కాదు.

జున్ను అలాంటి తుమ్ముల కాలంలోనే వచ్చాడు. ఓ సాయంత్రం నాన్న స్కూటరు వెనకాల, జున్ను రంగులో ఓ కుక్కపిల్ల, బడి నుంచి ఇంటిదాకా పరిగెత్తుకొచ్చింది. "నేను పిలవలేదు, అదే వచ్చింది" అన్నారు నాన్న. అమ్మ పాలు పోసింది, నేను పేరు పెట్టాను, బామ్మ శాసనం చేసింది: కుక్క వసారా మెట్టు ఎక్కకూడదు, తన గాలి దానికి గానీ దాని గాలి తనకి గానీ సోకకూడదు, అన్నం నేనే పెట్టాలి, ఆ సత్తుగిన్నె పెరటి గోడ దగ్గరే ఉండాలి. ఇన్ని షరతులకీ జున్ను ఒప్పుకున్నాడు. మెట్టు కింద పడుకుని, మెట్టు మీద గెడ్డం మాత్రం ఆనించేవాడు. బామ్మ అటు వెళ్ళినప్పుడల్లా "సిగ్గుందిట్రా నీకు, తిని తొంగోడం తప్ప మరో పని చేశావుట్రా ఎప్పుడన్నా" అని తిట్టేది. వాడు తోక ఆడించేవాడు. బామ్మ తనకి ఇష్టంలేని వాళ్ళతో అసలు మాట్లాడదని, ఇష్టమైనవాళ్ళనే తిడుతుందని నాకు తెలుసు. కానీ కుక్కలకి కూడా ఆ లెక్కే వర్తిస్తుందని అప్పట్లో తట్టలేదు.

మా బడి గోడకి అవతలే పశువుల ఆసుపత్రి. గేదెల్ని నిలబెట్టి కట్టే ఇనపగొట్టాల చట్రం ఒకటి, వేపచెట్టు ఒకటి, రెండు గదుల పెంకుటిల్లు. విరామం గంట కొడితే పిల్లలందరం గోడ మీద వాలేవాళ్ళం. అక్కడి డాక్టరు కోటేశ్వరరావు గారు సన్నగా, పొడుగ్గా ఉండేవారు. కళ్ళజోడు జారిపోకుండా దారంతో కట్టుకునేవారు. ఆయన దగ్గరికి ఏ గొడ్డుని తీసుకొచ్చినా మొదట దాన్ని చూసేవారు కాదు. పలుపు పట్టుకొచ్చిన మనిషిని చూసేవారు. "దీనికి మేత వేసేదెవరు?" అదే మొదటి ప్రశ్న, ఎప్పుడూ.

ఓసారి వెంకట్రావనే రైతు గేదెని తోలుకొచ్చాడు. ఊళ్ళో పెద్ద కమతం ఉన్నవాడు, మీసం ఉన్నవాడు.

"మేత నేనే వేస్తానండి" అన్నాడు.

"పొద్దున ఏం పెట్టారు?"

"గడ్డండి."

"ఏ గడ్డి?"

"గడ్డంటే... గడ్డేనండి."

"పేడ ఎట్టా వేస్తోంది?"

"లక్షణంగా వేస్తోందండి."

"ఎత్తేదెవరు?"

వెంకట్రావు మీసం సవరించుకున్నాడు. "మా ఇంటిదండి."

"అయితే ఆవిణ్ణి పంపించండి. గేదె ఇక్కడే ఉంటుంది, పారిపోదు."

గోడ మీద మేమంతా కిసుక్కుమన్నాం. కాసేపటికి ఆయన భార్య కొంగు నడుముకి దోపుకుని, పనిలోంచి లేచొచ్చిన విసురుతో వచ్చింది. "ఆయన్నేం అడుగుతారండీ డాక్టరు గారూ, గేదె ఈనిందని నేను చెబితేగా ఆయనకి తెలిసేది! నిన్నట్నుంచి నెమరెయ్యట్లేదండి. కుడితిలో మూతి పెట్టి తీసేస్తంది. పత్తిచెక్క కొత్త బస్తా విప్పినకాడ్నుంచే ఇదంతా" అంది ఒక్క గుక్కలో. డాక్టరు గారు అప్పటికి లేచారు. "ఆ బస్తా పక్కన పెట్టు తల్లీ, గుప్పెడు చెక్క నాకు పంపించు, చూస్తాను" అని, గేదె దగ్గరికి వెళ్ళి, మెడ కింద గోకి, అప్పుడు పరీక్ష మొదలుపెట్టారు.

దీంతో ఊరు రెండుగా చీలింది. మగవాళ్ళకి ఆయనంటే పడదు. "ఇదేం డాక్టరండీ, వచ్చీరాగానే సూది పొడవాలి గానీ, పోలీసోడిలాగా ఆ ప్రశ్నలేంటి?" అనేవారు. మా వైపు సూది పడితేనే వైద్యం, మనుషులకైనా గొడ్లకైనా. ఆడవాళ్ళు మాత్రం ఆయన పేరు చెబితే మొహం విప్పార్చుకునేవారు. అంతకు ముందు ఏ ఆఫీసులోనూ వాళ్ళని కూర్చోబెట్టి 'నువ్వేం గమనించావు' అని అడిగినవాళ్ళు లేరు. గేదెకి కాస్త నలతగా ఉంటే మొగుడి కోసం చూడకుండా తామే పలుపు పట్టుకుని బయల్దేరడం మా ఊళ్ళో ఆయన రోజుల్లోనే మొదలైంది. మా నాన్న ఆడవాళ్ళ పక్షం కాదు. "రోగం చూసి చెప్పలేనివాడే ఇంటివాళ్ళని అడుగుతాడు" అని తేల్చేశారు. నాన్నకి తెలియని విషయం ఉండదు, తెలిసిన విషయం చెప్పకుండా ఉండలేరు, ఇంకొకరు చెబితే వినలేరు. బళ్ళో ఆయన పాఠం చెబుతుంటే పశువుల ఆసుపత్రిలో గొడ్లు కూడా వింటాయని ఊళ్ళో వేళాకోళం.

ఎండలు ముదురుతున్న రోజుల్లో జున్ను పత్తిబండి మీంచి దూకి ముందుకాలు బెణికించుకున్నాడు. కొన్నాళ్ళు కుంటి నడకే. వాడు కుంటుతూ పెరట్లోంచి, బామ్మ కుంటుతూ వంటింట్లోంచి ఎదురెదురుగా వస్తుంటే అమ్మ నవ్వాపుకోలేక పైట నోట్లో కుక్కుకునేది. తరవాత వాడి కుంటు తగ్గింది. "చూశారుటే, కాలు ఎలా నిమ్మళించిందో!" అని బామ్మ, ఆ కాలు తనే అతికించినంత గొప్పగా చెప్పింది. కానీ అక్కణ్ణుంచి వాడు అన్నం ముట్టడం మానేశాడు. వాంతులు మొదలయ్యాయి. ఓ పొద్దున చూస్తే వాడి మలం తారులాగా నల్లగా ఉంది. మెట్టు మీద గెడ్డం ఆనించే ఓపిక కూడా లేక నేల మీదే పడి ఉన్నాడు. నేను ఏడుపు మొదలుపెట్టాను.

నాన్న చూసిన మరుక్షణం తేల్చారు. "పురుగుమందు." మా గోడ పక్కనే ఆంజనేయులి కల్లం. నాన్న దగ్గర చదువుకున్నవాడే. మందు కొట్టే డ్రమ్ము వాడు మా గోడవారనే బోర్లించేవాడు. "ఒరేయ్, నీ డ్రమ్ము కడిగిన నీళ్ళు తాగి నా కుక్క చస్తోందిరా!" అని నాన్న గోడ మీంచి కేకలేశారు. ఆంజనేయులు బిత్తరపోయాడు. "మాస్టారూ, కాయ కోసి కల్లంలో పోశాక మందెవడు కొడతాడండీ? ఆ డ్రమ్ము ఎండిపోయి ఎన్నాళ్ళైందో" అన్నాడు. అది సబబైన మాటే. సబబైన మాట వింటే నాన్నకి కోపం ఇంకా పెరుగుతుంది. ఆ ఏళ్ళల్లో మా వైపు పురుగుమందు అనేది అంత తేలిగ్గా అనగలిగిన మాట కాదు. పత్తి పోయిన ఇళ్ళల్లో ఆ డబ్బా ఏం చేసిందో అందరం చూశాం. ఆంజనేయులి అన్న ఇంట్లోనూ చూశాం. వాడు ఆ డ్రమ్ముని కల్లానికి అవతలి చివరికి దొర్లించుకుపోయాడు.

జున్నుని గోనెపట్టాలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నేను రోజూ గోడ మీంచి చూసే చోటికి మొదటిసారి గేట్లోంచి వెళ్ళాను. డాక్టరు గారు నేల మీద కూర్చున్నారు, జున్ను పక్కన. నాన్న ఏకధాటిగా చెప్పుకుపోతున్నారు. ఆయన వాడి కనురెప్ప ఎత్తి చూశారు, చిగుళ్ళు చూశారు, పొట్ట నొక్కితే వాడు మూలిగాడు. "కంటిపాపలు బాగానే ఉన్నాయి. చొంగ కారట్లేదు, వణుకు లేదు. ఇది పురుగుమందు కాదు మాస్టారూ" అన్నారు.

"మరేమిటి?"

"అదే తెలియాలండి. లోపల పుండు పడి రక్తం పోతోంది. ఎందుకు పడిందో తెలియకపోతే నేనేం చేసినా అది మళ్ళీ పడుతుంది. దీనికి అన్నం పెట్టేది ఎవరు?"

"నేనేనండి" అన్నాను. ఆయన నా వైపు తిరిగి కూర్చుని, నాన్న అక్కడ లేనట్టే, నన్ను అడిగారు. ఏం పెట్టాను, ఎప్పుడు మానేశాడు, వాంతిలో ఏముంది, పెరట్లో ఏ మొక్కలున్నాయి. అన్నీ చెప్పాను. అంతమంది పెద్దవాళ్ళల్లో నా మాటకోసం ఒకాయన ఆగి చూడటం నాకు కొత్త. "నువ్వు కాక ఇంకెవరన్నా పెడతారా?" అని ఆఖరున అడిగారు. లేదన్నాను. "ఇంకెవరు పెడతారండీ! మా ఆవిడకి తీరదు. మా అమ్మ మడి మనిషి, కుక్క గాలి సోకితేనే స్నానం చేస్తుంది" అన్నారు నాన్న. డాక్టరు గారు కాసేపు జున్ను చెవి నిమురుతూ కూర్చున్నారు. సెలైను ఎక్కించారు, ఏదో సూది కూడా వేశారు. "సాయంత్రం నేనే మీ ఇంటికొస్తాను. మాస్టారూ, మీకు అబద్ధం చెప్పను, దీని పరిస్థితి అంత బాగాలేదు" అన్నారు. ఆ మాటకి నాన్న గొంతు మొదటిసారి తగ్గింది.

సాయంత్రం ఎండ వాలుతుండగా వచ్చారాయన. వచ్చి కుక్క దగ్గరికి పోలేదు. వసారాలో బల్ల మీద కూర్చుని, "కాస్త మజ్జిగ ఇప్పిస్తారా" అన్నారు. నాన్నకి ఒళ్ళు మండింది, నాకూ మండింది. అక్కడ జున్ను కళ్ళు మూసుకుని పడి ఉంటే ఈయనకి మజ్జిగేమిటి? అంతలో వంటింటి గడప దగ్గర బామ్మ చేతికర్ర చప్పుడైంది. నేను పిలిస్తే కన్ను తెరవని జున్ను, తల ఎత్తలేక ఎత్తి, ఆ చప్పుడు వైపు తిరిగాడు. తోక చివర కొద్దిగా కదిలింది. వాడు బామ్మ మొహం చూడలేదు, బామ్మ కుడిచెయ్యి చూశాడు. డాక్టరు గారు అది చూశారు. ఆయన చూడటం నేను చూశాను, కానీ ఏం చూశారో నాకు తెలియలేదు.

"మాస్టారూ, సెంటర్లో సోడాకొట్టు దగ్గర ఐసు దొరుకుతుందేమో, కాస్త తెస్తారా?" అన్నారు ఆయన ఉన్నట్టుండి.

"ఐసా? దేనికండీ?"

"కావాలండి. మీరైతే మంచిది చూసి తెస్తారు."

నాన్న స్కూటరు స్టార్టుచేసుకుని వెళ్ళారు. ఆ చప్పుడు మలుపు తిరిగేదాకా డాక్టరు గారు మాట్లాడలేదు. ఆ తరవాత బామ్మ వైపు తిరిగారు.

"మామ్మగారూ, మోకాళ్ళు బాగా పీకుతున్నట్టున్నాయి."

"పీకడమా నాయనా! కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను."

"ఏమన్నా వాడుతున్నారా?"

"పేటలో డాక్టరిచ్చిన మాత్రలున్నాయి, గులాబీరంగువి. దివ్యంగా పనిచేస్తాయి. పొద్దున ఒకటి వేసుకుంటే ఎండెక్కేసరికి నడక వస్తుంది."

"మా అమ్మకీ మోకాళ్ళేనండి. ఆవిడకి పనిచేసిన మాత్ర ఊరందరికీ పంచేది. పాలు తెచ్చేవాడు తలనొప్పన్నా అదే, పక్కింటావిడ నడుం నొప్పన్నా అదే. ఎవరన్నా బాధపడుతుంటే చూడలేకపోయేది పాపం."

బామ్మ కర్ర గోడకి ఆనించి, నెమ్మదిగా మెట్టు మీద కూర్చుంది. ఆ మెట్టు మీద ఆవిడ కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. "వీడూ నాలాగే కుంటుతున్నాడు కదా నాయనా" అంది. "నాకైతే నోరుంది, ఊరంతా వినేట్టు మూలుగుతాను. వీడేం చెప్పుకుంటాడు? పెరుగన్నం ముద్దలో పెట్టి ఇలా విసిరేదాన్ని. పొద్దున్నే, ఎవరూ లేవకముందు. నాకొకటి, వాడికొకటి. కుంటు తగ్గింది కూడాను."

"తగ్గే ఉంటుందండి. మంచి మందే. మనిషి పొట్ట ఓర్చుకుంటుంది, కుక్క పొట్ట ఓర్చుకోలేదు. అంతే తేడా."

"అయితే నేనే చంపానా వీణ్ణి?" అంది బామ్మ.

"మీరు చెప్పకపోతే చచ్చేవాడండి. ఇప్పుడు చెప్పారుగా. దారి దొరికింది."

"మా వాడికి తెలిస్తే గోడలెగిరిపోయేట్టు అరుస్తాడు. ఆ కల్లం కుర్రాణ్ణి కూడా అన్నేసి మాటలన్నాడు, నేను వింటూ ఊరుకున్నాను. పాపిష్టిదాన్ని."

"నాకు కావాల్సింది రోగం పేరు మామ్మగారూ, ముద్దాయి పేరు కాదు" అన్నారు డాక్టరు గారు. అప్పుడే ఆయన నన్ను చూశారు. మజ్జిగ చెంబు పట్టుకుని గుమ్మంలో కొయ్యబొమ్మలా ఉన్నాను. "పాపా, ఉప్పు చాలినట్టు లేదు, చూసి తీసుకురా" అన్నారు. చెంబు ఇంకా ఆయన నోటిదాకా పోనేలేదు.

నాన్న తిరిగొచ్చేసరికి గోనెసంచీలో, రంపపు పొట్టులో చుట్టిన ఐసుగడ్డ సగం కరిగి స్కూటరంతా నీళ్ళు కారుతోంది. "ఎక్కడ పెట్టాలి? పొట్ట మీదా?" అన్నారు ఆయాసపడుతూ. డాక్టరు గారు ఐసు కడిగి, చితక్కొట్టి, మజ్జిగ గ్లాసుల్లో వేసి నాన్నకొకటి ఇచ్చారు. "ఎండలు మండిపోతున్నాయి కదండీ" అన్నారు. నాన్న గ్లాసు వంక చూశారు, ఆయన వంక చూశారు, మెట్టు మీద కూర్చున్న బామ్మ వంక చూశారు. గ్లాసెత్తి మజ్జిగ తాగేశారు. "పడని తిండేదో తిన్నాడు మాస్టారూ, ఇక తినడు" అని చెప్పి, మందు రాసిచ్చి, వెళ్ళబోతూ మెట్టు దగ్గర ఆగారు. "ఈ మందు గంజిలో కలిపి పెట్టాలి. మామ్మగారి చేత్తోనే పెట్టాలి. ఇంకెవరు పెట్టినా తినేట్టు లేడు."

"నేనా? కుక్కకా? మడి..." అని బామ్మ నసిగింది.

"ఇంకో చెంబెడు నీళ్ళు పోసుకుందురుగాని" అన్నారు.

ఆ పూట నుంచి మా ఇంటి దినచర్య మారిపోయింది. బామ్మ స్వయంగా గంజి కాచేది, వడకట్టేది, మెట్టు మీద కూర్చుని చెంచాతో జున్ను దవడ పక్కనుంచి పోసేది. సగం బయటికే వచ్చేది. "మింగరా నాయనా, మింగరా జున్నూ" అనేది. ఆవిడ నోటివెంట వాడి పేరు వినడం అదే మొదలు. కోటప్పకొండ దేవుడికి మొక్కుకుంది, కుక్క కోసమని చెప్పడానికి సిగ్గుపడి 'ఇంట్లో పిల్లాడికి' అని మొక్కుకుంది. ఆ రోజుల్లో నాకు గుర్తున్నది భయం. ప్రతి పొద్దునా కళ్ళు తెరవగానే నూతి చేద చప్పుడు కోసం కాదు, బామ్మ తిట్టు కోసం వినేదాన్ని. తిట్టు వినిపిస్తే వాడున్నట్టు. ఒక రోజు "సిగ్గుందిట్రా, ముంతెడు గంజీ తాగేశావు!" అని వినిపించింది. దుప్పట్లోనే ఏడ్చేశాను. ఆ తరవాత జున్ను చాలా ఏళ్ళు బతికాడు, మెట్టు మీద బామ్మ పక్కన కూర్చుని మరీ బతికాడు. నాన్న కల్లానికి వెళ్ళి "పొరపాటు పడ్డానురా" అని ఆంజనేయులితో అన్నారు. బామ్మ మాత్రల డబ్బా కూడా ఎందుకో ఆయన తన అలమరాలో పెట్టుకుని, రోజూ పొద్దున్నే "నువ్వు మర్చిపోతావమ్మా" అంటూ తనే ఒక మాత్ర ఆవిడ చేతిలో పెట్టేవారు, మింగేదాకా నిలబడేవారు. అది ఆయన క్రమశిక్షణ జబ్బనుకున్నాను.

నాకు మిగిలిపోయిన సందేహం ఐసు. దేనికి తెప్పించారు? మజ్జిగలోకే అయితే నాన్ననెందుకు పంపారు, కల్లంలో మనుషులున్నారుగా? చల్లటిది తాగితే పెద్దవాళ్ళు నిజం చెబుతారేమోనని ఓ సిద్ధాంతం చేశాను. బామ్మ వీధి ఐసు ముట్టలేదు కనక అది వీగిపోయింది. జున్నుని మళ్ళీ చూపించడానికి వెళ్ళినప్పుడు డాక్టరు గారినే అడిగాను. "ఎండలమ్మా" అన్నారాయన, కళ్ళజోడు దారం సర్దుకుంటూ. డిగ్రీ చదివే రోజుల్లో ఓసారి గుంటూరు నుంచి బస్సులో వస్తూ, కిటికీలోంచి ఎటో చూస్తూ, దేని గురించీ ఆలోచించకుండా ఉన్నప్పుడు తట్టింది. ఆయనకి కావాల్సింది ఐసు కాదు, నాన్న ఇంట్లో లేకపోవడం. బస్సులో ఒక్కదాన్నే నవ్వుకుంటే పక్కసీటు ఆవిడ సంచీ దగ్గరికి లాక్కుంది. ఇంటికెళ్ళాక కూడా నాన్నకి చెప్పలేదు. ఆయనకి తెలియని విషయం ఒక్కటైనా నా దగ్గరుందని లోలోపల ఓ సంతోషం.

ఇప్పుడీ క్లినిక్కుల్లో స్కానింగులున్నాయి, రక్తపరీక్ష ఫలితం మనం ఇంటికెళ్ళేలోపు ఫోనుకి వస్తుంది. వీటిని నేను తీసిపారెయ్యను. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఏ రోగమో తెలియకుండానే పోయిన కుక్కలు, దూడలు బోలెడు. డాక్టరు గారే "ఇది నా చేతిలో లేదమ్మా" అని చట్రం పక్కన తలొంచుకుని నిలబడగా గోడ మీంచి చూశాను. కానీ నోరులేని దాన్ని తీసుకుని వెళ్ళిన మనిషికి కావాల్సింది ఏమిటని అడిగితే నాకు మందులు, మిషన్లు ముందు గుర్తురావు. ఇంట్లో ప్రేమతో జరిగిన తప్పుని ఎవరి పరువూ పోకుండా బయటికి తియ్యగల మనిషి గుర్తొస్తాడు. ఆ విద్య కాలేజీల్లో చెబుతారో లేదో తెలియదు. ఈ చీరాల అమ్మాయి ఆ ప్రశ్న ఎవరి దగ్గర నేర్చుకుందో అడగాలనిపించింది. ఈలోగా ఆ అమ్మాయే ఇంకో ప్రశ్న వేసింది.

"మీరు కాక ఇంకెవరైనా పెడతారా అండీ? చిరుతిళ్ళలాంటివి?"

"ఇంకెవరూ లేరండీ. మా నాన్నగారికి పిల్లంటేనే పడదు" అన్నాను, టకీమని.

మిరియం బల్ల మీద నన్ను దాటుకుని నడిచింది. అంచుదాకా వెళ్ళి, మెడ చాపి, కుర్చీలో కూర్చున్న నాన్న చొక్కా జేబు వాసన చూసింది. నాన్న గోడ మీది కుక్కల ఫొటోలని దీక్షగా చూస్తున్నారు. కుడిచెయ్యి మాత్రం నెమ్మదిగా పైకొచ్చి జేబుని మూసింది. "నాన్నా! ఏం పెడుతున్నారు దీనికి?" అనే మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. గోడ మీంచి ఆంజనేయులి మీద అరిచిన గొంతే అది, నాకు వారసత్వంగా వచ్చిన గొంతు. ఆయన భుజాలు అప్పటికే కుంచించుకుపోయి ఉన్నాయి. ఎనభై ఏళ్ళ మనిషి, నా అరుపు కోసం సిద్ధపడి కూర్చున్నారు.

నోరు మూసుకుని లేచాను. "డాక్టరు గారూ, ఒక్క క్షణం. నేనలా వెళ్ళి మంచినీళ్ళ సీసా కొనుక్కొస్తాను. నాన్నా, మీరు దీన్ని చూస్తూ ఉండండి" అన్నాను. గది మూలనే నీళ్ళ డబ్బా, పక్కనే గ్లాసులు ఉన్నాయి. నాన్న ఆ డబ్బా వంక చూశారు. తరవాత నా వంక చూశారు. ఎన్నో ఏళ్ళుగా నేను చూడని చిన్న నవ్వొకటి ఆయన మీసాల కింద కదిలింది.

"ఐసుకా అమ్మా?" అన్నారు.